దింపని బిందె

కాగిన ఆవనూనెలో శనగపిండి పూసిన వంకాయ ముక్క పడ్డప్పుడు లేచే వాసన ఈ బెంగాలీ ఊళ్ళో సాయంత్రమైతే ఏ సందు మొదట్లో నిలబడినా తగులుతుంది. అరవై ఏళ్ళుగా నేను ఆ సందులన్నీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దాటుతున్నాను. పోయిన శనివారం ఆ వాసన నేను వంట చేసే ఇంట్లోకే నడిచి వచ్చింది. సాల్ట్ లేక్‌లో ఆ ఇంటి పిల్ల స్రవంతి, తెలంగాణ నుంచి వచ్చి కంప్యూటర్ ఆఫీసులో పని చేసుకుంటోంది. ఎవరో చేసిన తప్పు తన మీద పడిందని నెల రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. నేను పెట్టిన కంచం పెట్టినట్టే ఉండిపోయేది. ఆ రోజు మాత్రం చెప్పులు విప్పకుండానే వంటగదిలోకి వచ్చి, నూనె మరకల కాగితం పొట్లం నా ముందు పెట్టింది.

"తిను అమ్మమ్మా, వేడిగున్నయ్. నా తప్పేం లేదని తేలింది. మెయిల్ పెట్టిన్రు."

"ఎవులు పెట్టినారు? నీ మీద సెప్పినోడేనా?"

"ఆయనెందుకు పెడ్తడు? పై ఆఫీసోళ్ళు పెట్టిన్రు."

"మరాడు నీ కాడికొచ్చి ఏటన్నాడు?"

"ఏమంటడు! లిఫ్ట్‌ల కలిస్తే ఫోన్ చూసుకున్నడు."

"అయితే నీకింకా దింపనేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల తెల్లబోయింది. తప్పు లేదని తేలితే తెలుగులో నిర్దోషి అంటారు కదా, దింపడమేమిటి అని అడిగింది. నిర్దోషి అనే మాట నేను సినిమాల్లో జడ్జీ నోట విన్నాను గానీ, మా లైనులో ఎవరి నోటా వినలేదు. మాకున్న మాట దింపుడు. ఆ మాట సంగతి చెప్పాలంటే నూకాలత్త సంగతి చెప్పాలి, అది చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని ఈ ఆదివారం నేను చెబుతుంటే స్రవంతి రాస్తోంది.

భవానీపూర్‌లో పెద్ద మేడల వెనక మా లైను ఉండేది. ఎదురెదురుగా రెండు వరసల గదులు, మధ్యన మూరెడు కాలవ, చివర ఒక కొళాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రోడ్లు ఊడవడానికి వచ్చిన మా తాతల కాలం నుంచీ అక్కడ మనవాళ్ళే. తెల్లారకముందే చీపుర్లు భుజాన వేసుకుని మగవాళ్ళూ ఆడవాళ్ళూ వెళ్ళిపోయేవారు. ఎండెక్కాక తిరిగొచ్చేసరికి ఒంటి మీద ఊరి దుమ్మంతా ఉండేది, కొళాయి కింద కూచుని పీచుతో రుద్దుకుని, చోడంబలిలో ఉల్లిపాయ నంజుకుని తాగి, గోడ నీడన వాలేవారు. ముసలమ్మలు నిప్పు లోపలికి పెట్టి అడ్డచుట్ట కాలుస్తూ నోరు కదపకుండానే కోడళ్ళని తిట్టేవారు. వైశాఖంలో సాయంత్రం గాలివాన లేస్తే రేకులు ఎగిరిపోకుండా మగవాళ్ళు పైకెక్కి కూచునేవారు, మేము మాత్రం మేడవాళ్ళ మామిడిచెట్టు నుంచి రాలిన పిందెల కోసం ఆ వానలోనే పరిగెత్తేవాళ్ళం. వానాకాలం మోకాలి లోతు నీళ్ళలో గిన్నెలు ఇంటింటికీ పడవల్లా తేలిపోయేవి, మా సట్టి మూడో గదిలో దొరికేది, వాళ్ళ గరిటె మా మంచం కింద దొరికేది. దుర్గాపూజ రోజుల్లో వీధి చివర ఢాక్ డోలు మోగుతుంటే ఆకుల్లో పెట్టిచ్చే కిచిడీ కోసం వరసలో నిలబడేవాళ్ళం, మన అమ్మవారి పండగకి బూరెలూ చలిమిడీ మేడవాళ్ళ పిల్లలకి పట్టుకెళ్ళి ఇచ్చేవాళ్ళం. చలికాలం ఖర్జూరబెల్లం వచ్చేది, చేతికంటుకుంటే సాయంత్రం దాకా కడుక్కునేవాళ్ళం కాదు.

ఆ కొళాయి దగ్గరే దింపుడు జరిగేది. ఎవరి మీదైనా మాట పడితే, ఆ మాట అబద్ధం అనుకున్నవాళ్ళు తమ ఇంటి బిందె తెచ్చుకుని నిండా నీళ్ళు పట్టుకుని నెత్తిన పెట్టుకుని నిలబడాలి. పెద్దలు అటూ ఇటూ అడుగుతారు. తప్పు లేదని తేలితే, మాట వేసిన మనిషే లేచి వచ్చి తన రెండు చేతులతో ఆ బిందె దించి, అందులోంచి దోసెడు నీళ్ళు తాగి, "నీ మీద మాట నేదు" అనాలి. మిగిలిన నీళ్ళు ఇద్దరి కాళ్ళ మీదా పోస్తారు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు, పిల్లలెత్తితే చెంప పగిలేది. ఇంకెవరు దించినా లెక్క కాదు, పెద్ద దించినా లెక్క కాదు, బరువు ఆగలేక తనంతట తాను దించుకుంటే అసలే కాదు.

ఒకసారి పొట్టి గౌరమ్మ తన కొత్త చీపురు సింహాచలం ఎత్తుకుపోయాడని వారం రోజులు వీధంతా తిట్టింది. చీపురేమో వాళ్ళ రేకు మీదే దొరికింది, కాకుల్ని తోలడానికి వాళ్ళాయనే విసిరి మరిచిపోయాడు. సింహాచలం ఆరడుగుల మనిషి, బిందె పెట్టుకుని నిలబడితే గౌరమ్మ చేతులు అతని మెడ దాకా కూడా అందలేదు.

"ఒంగరా సచ్చినోడా!"

"ఒంగితే నీల్లొలికిపోతాయప్పా, నువ్వే పొడుగెదుగు."

ఆఖరికి బాల్టీ బోర్లించి దాని మీదెక్కి దించింది, దించుతూ సగం నీళ్ళు తన మీదే పోసుకుంది, లైనంతా పొట్ట పట్టుకుని నవ్వింది, ఆ రోజు వాళ్ళింట్లో వండిన రొయ్యల కూర సింహాచలం ఇంటికి గిన్నెతో వెళ్ళింది. మా పెద్ద అప్పన్నతాత చెవి వెనక చుట్ట తీసి వెలిగించుకుంటూ, "బరువు దిగినోడి కంటే దించినోడికే ఎక్కువ సుకంరా" అన్నాడు. మేం పిల్లలం కూడా పెంకుముక్కలు నెత్తిన పెట్టుకుని దింపుడాట ఆడేవాళ్ళం. తొక్కుడుబిళ్ళలో దొంగాట ఆడావంటే, "అయితే దించు మరి" అని పోట్లాడుకునేవాళ్ళం. దించకపోతే ఏమవుతుందో మా ఆటలో లేదు. ఆటలో అందరం దించేవాళ్ళం.

నూకాలత్త మా నాన్నకి చెల్లెలు. పెళ్ళైన రెండో ఏడే మొగుడు పోతే మా గదిలోకే వచ్చేసింది. నాన్నతోపాటు రోడ్డు పనికి వెళ్ళేది. సన్నగా ఉండేది గానీ రెండు బిందెలు ఒకదాని మీద ఒకటి నెత్తిన పెట్టుకుని, చెయ్యి కూడా ఆనించకుండా, నాతో కబుర్లు చెబుతూ నడిచొచ్చేది. ఆమె దగ్గర ఒక ఇత్తడి బిందె ఉండేది, అత్తింటి నుంచి తెచ్చుకున్నది అదొక్కటే. చింతపండుతో తోమి దాంట్లో నా ముఖం చూపించేది, బిందె పొట్టలో నా ముక్కు గుమ్మడికాయంత కనిపిస్తే, "ఒలే పైడీ, నీ మొగుడు నిన్నొగ్గీసి నీ ముక్కునే మనువాడతాడే" అనేది. పని నుంచి వస్తూ వస్తూ నా కోసం కొంగు చివర ఏదో ఒకటి దాచుకొచ్చేది. అమ్మ తిట్టేది, "దాని నోరు పాడుసేస్తన్నావు నూకాలూ" అని. తిడుతూనే నవ్వేది కూడా. ఒదినా మరదళ్ళు ఇద్దరూ ఒకే దువ్వెనతో ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు.

నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా, మూడేళ్ళ మా తమ్ముడు సూరికి అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపకొమ్మలు కట్టారు. మంచం మీద వేపాకులు పరిచారు. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తాలింపు వెయ్యకూడదు, పొయ్యి మీద నూనె పెట్టకూడదు, వేపుడు వాసన గడప దాటి లోపలికి రాకూడదు, తల దువ్వుకోకూడదు. అది మా వాళ్ళ పట్టింపు. అందరం చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాం. రెండుసార్లు వేపాకు నీళ్ళు పోశారు, వాడు లేచి కూచుని నా జడ లాగి ఆడుకున్నాడు కూడా. మూడో నీళ్ళు పోస్తే అమ్మవారు వెళ్ళిపోయినట్టే.

ఆ సాయంత్రం నూకాలత్త నన్ను సందు చివరికి పిలిచి, చప్పిడి తిండి తిని తిని నా ముఖం వాడిపోయిందని, పొట్లంలో ఒక వంకాయ బజ్జీ ఇచ్చింది. ఇక్కడివాళ్ళు దాన్ని బేగునీ అంటారు. "ఇక్కడే తినీసి, నోరు కడుక్కుని, సేతులు మట్టితో తోముకుని ఎల్లు. లోపలికట్టుకెల్లకు" అని మరీ మరీ చెప్పి, కొళాయి వైపు వెళ్ళిపోయింది. నేను సగం తిన్నాను. అంతలో కిటికీలోంచి వాడి గొంతు వినిపించింది. "అప్పా, నాకు" అన్నాడు. వాడికి వాసన తగిలింది కాబోలు. నేను మిగిలిన సగం పొట్లంతో సహా లోపలికి తీసుకెళ్ళాను. అమ్మ బయట దండెం దగ్గర ఉంది. వాడికి పెట్టాను. పై పొర కరకరలాడుతుంటే వాడు కళ్ళు మూసుకుని నవ్వాడు, పెదవులకి నూనె మెరిసింది, నా కొంగు లేని గౌనుతో తుడిచేశాను. కాగితం మంచం కిందికి తోసేశాను.

మర్నాడు పొద్దెక్కేసరికి వాడి ఒళ్ళు నిప్పులా కాలింది. ఆ సాయంత్రానికి సూరి లేడు.

నేల ఊడవబోయి అమ్మకి ఆ కాగితం దొరికింది. అమ్మ దాన్ని విప్పింది, వాసన చూసింది, నా వైపు ఒక్కసారి చూసింది. ఆ తర్వాత గుమ్మంలోకి వచ్చి నూకాలత్త ముఖం మీదికి విసిరింది. "ముండమోసి నా ఇంటికొచ్చి నా బిడ్డని మింగీసినాది" అని లైనంతా వినేలా అరిచింది. ఇద్దరూ ఒకే దువ్వెన వాడుకున్న మనుషులు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను.

పదకొండో రోజు వెళ్ళాక నూకాలత్త తన ఇత్తడి బిందె తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్ళింది. పొద్దున్న ఎండ అప్పుడే కాలవ దాకా వచ్చింది. నిండా పట్టుకుని నెత్తిన పెట్టుకుని నిలబడింది. లైనంతా చేరింది. అమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూచుని, నన్ను ఒళ్ళోకి లాక్కుని, నా మణికట్టు పట్టుకుంది.

"నూకాలూ, ఆ బేగునీ తెచ్చింది నువ్వేనా?" అని అప్పన్నతాత అడిగాడు.

"నానే తెచ్చినాను."

"గుంటడికి నువ్వు పెట్టినావా?"

"నేదు."

"మరెవులు పెట్టినారు?"

నూకాలత్త నా వైపు చూడలేదు. చూస్తే అందరూ చూస్తారని ఆమెకి తెలుసు. కొళాయి వైపు చూస్తూ, "నాకు తెల్దు మావా" అంది. వెయ్యి అబద్ధాలు ఆడిన మనిషి కూడా అలా తొణక్కుండా చెప్పలేడు.

అప్పన్నతాత చాలాసేపు చుట్ట నమిలి, అమ్మ వైపు తిరిగాడు. "ఒలే, అమ్మోరు తీసుకెల్లినాది. మనిసి సేతిలో ఏటున్నాది? దాని మీద మాటుంచకు. ఎల్లి దించీ."

అమ్మ లేవలేదు. నా మణికట్టు మీద పట్టు బిగిసింది, నా గాజులు రెండు విరిగి చర్మంలో గుచ్చుకున్నాయి. కొడుకు పోయిన మనిషి ఏదో ఒకటి పట్టుకోవాలి కదా అనుకున్నాను. నాన్న ఒక అడుగు ముందుకేస్తే, అప్పన్నతాత "నువ్వు కాదురా" అని ఆపాడు. ఎండ గోడ ఎక్కింది. నూకాలత్త మెడ నరాలు తాళ్ళలా లేచాయి, చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఇళ్ళల్లో పొయ్యిలు వెలిగించుకోవడానికి ఒక్కొక్కరే వెళ్ళిపోసాగారు. మధ్యాహ్నం దాకా అలాగే నిలబడి, అప్పుడు తనంతట తానే దించుకుంది. చుక్క ఒలక్కుండా నడిచి వచ్చి, బిందె అమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఒదినా, నీల్లు తాగు. ఎండగా ఉన్నాది."

ఆ సాయంత్రమే బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లులో పని చేసే దూరపు చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయింది. బిందె తీసుకెళ్ళలేదు. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "నోరు కడుక్కున్నావా?" అని మెల్లగా అడిగింది. అంతే. మళ్ళీ మా లైనుకి రాలేదు. పెళ్ళిళ్ళకి పిలవలేదు, పసుపు కొట్టడానికి ఎలాగూ పిలవరు. పిల్లలు దింపుడాట ఆడుతూ దొంగాట ఆడినవాళ్ళని "దింపని నూకాలు" అని ఏడిపించేవారు. నేను ఆ ఆట మానేశాను.

అమ్మ ఆ బిందెలో ఎప్పుడూ నీళ్ళు పట్టలేదు. మంచం కింద పెట్టింది. ఏడాదికోసారి ఉగాది ముందు మాత్రం బయటికి తీసి, చింతపండుతో తోమి, తుడిచి, మళ్ళీ లోపలికి తోసేది. ఎందుకే అని అడిగితే, "మాసిపోద్ది" అనేది.

నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. అమ్మకి ఆయాసం ముదిరి మంచం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఇక దాచుకోలేక, ఆమె కాళ్ళు పిసుకుతూ చెప్పేశాను. సూరికి పెట్టింది నేనే అన్నాను. అమ్మ కళ్ళు కూడా తెరవలేదు.

"నాకు తెల్దేటే? ఆ యేల నీ సేతులు నూనె వాసన కొట్టినాయి. కాయితం దొరక్క ముందే తెలుసు."

"మరెందుకు దించనేదమ్మా?"

"దాని నెత్తి మీంచి దించితే, మరెవులని అడుగుతారు. నీ నెత్తికెత్తాల. ఎనిమిదేల్ల గుంటవి. ఆడు పోనాడు. నిన్ను కూడా ఇచ్చీమంటావా?"

అప్పుడు తెలిసింది, ఆ రోజు నా మణికట్టు ఎందుకు పట్టుకుందో. నేను లేచి నిజం చెప్పకుండా పట్టుకుంది. కాసేపటికి అమ్మే అంది, "బేగెల్లి దాన్ని తోలుకురా. నా సేతుల్తో దించీస్తాను."

మర్నాడు పొద్దున్నే బడ్జ్ బడ్జ్ వెళ్ళాను. మిల్లు లైన్లో అడిగి అడిగి గది పట్టుకుంటే, తలుపు తీసింది వేరే ఎవరో. పక్క గది బెంగాలీ ఆవిడ బయటికి వచ్చి, నూకాల్‌దీదీ పోయి ఐదు నెలలయిందని చెప్పింది. మంచి మనిషి, లైన్లో ఆడవాళ్ళందరికీ పురుళ్ళు పోసింది, పిల్లలకి బేగునీలు కొనిపెట్టేది, ఎప్పుడూ దగ్గర కూచోబెట్టుకుని అక్కడే తినిపించి చేతులు కడిగి పంపేది అంది. ఇంకొకటి కూడా చెప్పింది, నవ్వుతూ చెప్పింది. తెలుగు ఆడవాళ్ళందరూ నీళ్ళు నెత్తిన మోస్తే, మీ అత్త మాత్రం చంకనే మోసేది, ఎంత దూరమైనా, ముసలితనంలో నడుం వంగిపోయినా, నెత్తిన ఏదీ పెట్టుకోలేదు అంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మం వైపే చూస్తోంది. "వొచ్చినాదా?" అంది. "రేపొస్తానన్నాది" అన్నాను. అమ్మ ముఖం తేటపడింది. బిందె తీయించి, నీళ్ళు నింపించి, మంచం పక్కన పెట్టించుకుంది. రెండు చేతులూ దుప్పటి మీద ఆడిస్తూ, ఆగుతాయో ఆగవో చూసుకుంది. మూడు రోజులు నేను "రేపు" అంటూనే ఉన్నాను. నాలుగో రోజు అమ్మ లేదు, బిందె నిండుగానే ఉంది.

నా మొగుడు పోయినప్పుడు మా అత్తగారు నలుగురిలో నా అడుగు మంచిది కాదంది. అప్పుడు నాకు ముండమోసి అన్న మాట ఎంత బరువో తెలిసింది, అది ఎంత తేలిగ్గా వేస్తారో కూడా తెలిసింది. బిందె తీసుకుని వెళ్దామంటే వెళ్ళడానికి కొళాయి లేదు. ఇప్పుడు ఇంటింటికీ గొట్టాలొచ్చాయి, లైనులో సగం పడగొట్టి మేడ లేపారు, అప్పన్నతాత కూచునే అరుగు మీద మోటారు సైకిళ్ళు పెడతారు. మా మనవరాలి తరం తెలుగు మాట్లాడేది ఇంట్లోనే, అదీ సగం. దింపుడంటే వాళ్ళకి సామాను దింపడమే.

వంకాయ బజ్జీ తింటే ఎవరూ చచ్చిపోరు అమ్మమ్మా, అది రోగం, అంటోంది స్రవంతి. ఇప్పుడే అంది, రాస్తూ రాస్తూ. డాక్టర్లు కూడా అదే అంటారు, నేనూ విన్నాను. అదే నిజమైతే నాది తప్పు కాదు, అమ్మది కాదు, ఎవరిదీ కాదు. మరి ఆ మనిషి అంత బరువు ఎందుకు మోసిందమ్మా?

శనివారం నువ్వు పెట్టిన ఆ పొట్లం నేను తినలేదు, స్రవంతీ. ఇంటికి పట్టుకెళ్ళాను. మంచం కింద నుంచి బిందె తీసి, నీళ్ళ గదిలో కొళాయి విప్పి నిండా పట్టి, నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. మెడ వణికింది. మా మనవరాలు వచ్చి చూసి హడలిపోయింది.

"నానమ్మా, ఏటి సేస్తన్నావు? పాగల్ అయిపోనావా? ఇలాగిచ్చీ, నాను దించుతాను."

"నువ్వు కాదమ్మా" అన్నాను.

"మరెవులు?"

అది తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. బయట సందులో ఎవరో నూనె పొయ్యి మీద పెట్టారు, కిటికీలోంచి ఆ వాసన వచ్చింది, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోవడానికి నాకు చేతులు ఖాళీ లేవు. నిలబడగలిగినంతసేపు నిలబడ్డాను, నూకాలత్త నిలబడినంతలో పావు వంతు కూడా కాదు. ఆ తర్వాత నా అంతట నేనే దించుకున్నాను.